చీటీలో వచ్చిన ఇంట్లో ఒక రోజు: ఏడేండ్లు వాడిన పద్ధతిపై సమీక్ష

నవలలు రాసేవాళ్లను పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు సృష్టించిన ఊళ్లో మీరు ఉండగలరా?" చాలామంది సంతోషంగా ఉంటామనే అంటారు. ఏ ఇంట్లో ఉంటారో మాత్రం చెప్పరు. మనసులో కరణం ఇల్లో, రాజుగారి కోటలో ఒక గదో మెదులుతుంటుంది. ఊరి ఇళ్లలో ఒకదాన్ని చీటీ తీసి, ఆ ఇంటి మనిషిగా ఒక రోజును కాగితం మీద గడపడమే చీటీ పరీక్ష. అది ఆ ఇంటి ఎంపికను రచయిత చేతిలోంచి లాగేసుకుంటుంది. హనుమకొండలో కూర్చుని ఒకే కల్పిత ఊరి మీద ఏడేండ్లు ఈ పద్ధతి వాడాక రాస్తున్న సమీక్ష ఇది.

కావలసినవి తక్కువ. 200 పేజీల పొడుగు రిజిస్టరు ఒకటి, పెన్సిలు, రబ్బరు, ఒక పంచాంగం, చీటీలు వేయడానికి మూతున్న స్టీలు డబ్బా. పెన్ను వద్దు. ఊరి పటం సిరాతో గీస్తే మొదటి ఏడాదిలోనే కొట్టివేతలతో నిండిపోతుంది, వాగు ఎటు పారుతుందో మనకే తెలియకుండా పోతుంది.

నేను పరీక్షించిన ఊరు కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంది, అంటే 1199కీ 1262కీ మధ్యది. ఓరుగల్లు నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట పోయే దారిలో, 200 గడపలు, ఒక చెరువు. ముందు ప్రతి ఇంటికీ నంబరు వేసి, ఇంట్లో ఎంతమంది, ఏం పని చేసి బతుకుతారు అన్నది ఒక్కో వరుసలో రాసుకోవాలి. నంబర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేయాలి. ఒకటి తీయాలి. వచ్చిన ఇంట్లో ఒక మనిషిగా ఒక రోజు గడపాలి. పేజీని ఎనిమిది గళ్లు చేస్తే గడికొక జాము, జాముకు మూడు గంటలు. ఆ జాములో ఏం తిన్నారు, నీళ్లు ఎక్కడివి, చేతిలో ఏ పని ఉంది, ఎవరితో మాట్లాడారు అన్నవి రాయాలి. కథ రాయకూడదు. ప్రేమలు, పగలు, యుద్ధాలు ఈ రిజిస్టరులోకి రాకూడదు. ఏ గడి ఖాళీగా మిగిలిందో అక్కడ మన లోకం ఇంకా పుట్టలేదని అర్థం.

ఈ పద్ధతి మొదట బయటపెట్టేది తిండి లెక్క. ఆరుగురున్న ఇంటికి మనిషికి అర కిలో చొప్పున రోజుకు 3 కిలోల గింజలు కావాలి. ఏడాదికి దగ్గర దగ్గర 1,100 కిలోలు. చెరువు కింద ఆయకట్టు 60 ఎకరాలని రాసుకున్నాను. ఎరువు బస్తాలు లేని రోజులు కాబట్టి ఎకరానికి 400 కిలోల వడ్లని పెట్టుకున్నాను. మొత్తం 24,000 కిలోలు. దంచితే మూడింట రెండు వంతులు, 16,000 కిలోల బియ్యం. అది 14 ఇళ్లకు సరిపోతుంది, అదీ విత్తనాలు, రాజుకు కట్టే పన్ను తీయకముందు. మిగిలిన 186 ఇళ్లు వాన మీద ఆధారపడ్డ చెల్క మీద పండే జొన్నలు, సజ్జలు, కొర్రలతో బతకాలి. "పొద్దుగూకితే ఊరంతా అన్నం ఉడికే వాసన" అని మొదటి ప్రతిలో ఉన్న వాక్యం ఈ లెక్క ముందు నిలవలేదు. దాని బదులు 14 ఇళ్ల నుంచి మాత్రమే వచ్చే వాసన మిగిలింది. ఆ వాసన ఏ వాకిట్లోకి వస్తుంది, జొన్న గటక తాగి పడుకున్న పిల్లలు దాన్ని పట్టుకుని ఏమడుగుతారు అన్నది దానంతట అదే కథయింది. ఒక్క గుణకారం నవలకు ఇంత పని చేసిపెట్టడం ఇంకే పద్ధతిలోనూ నేను చూడలేదు.

తర్వాత నీళ్లు. చెరువని రాస్తే చాలదు. కట్ట ఎంత పొడుగు, తూములు ఎన్ని, నిండిన నీళ్లు పొర్లే మత్తడి ఏ దిక్కున పడుతుంది, మత్తడి నీళ్లు కింది ఊరి చెరువులోకి పోతాయా, చెరువు లోపలి నేల, అంటే శిఖంలో నీళ్లు తీశాక ఎవరు సాగు చేస్తారు, పొలాలకు నీళ్లు వదిలే నీరడి ఏ ఇంటివాడు అన్నవన్నీ ఉండాలి. ఇక్కడి చెరువులు గొలుసుకట్టువి కాబట్టి పై ఊరి మత్తడి దుంకకపోతే కింది ఊరికి ఆశ లేదు. ఎండాకాలం చీటీ తీస్తే ఇదంతా తిరగబడుతుంది. చెరువు ఎండి వాగు ఇసుకలో చెలిమె తవ్వి నీళ్లు తోడుకునే నెలలో, తాగడానికీ వండడానికీ మనిషికి 4 లీటర్లు వేసుకున్నా ఆరుగురికి 24 లీటర్లు, పది లీటర్ల కుండతో మూడు తడవలు. కొట్టంలో ఎద్దు ఉంటే అదొక్కటే రోజుకు 30 లీటర్ల పైన తాగుతుంది. జత ఎడ్లకు ఇంకో ఆరు కుండలు. చెలిమె ఊరడానికి పట్టే సమయం కూడా కలిపితే ఆ ఇంటి ఆడమనిషి రోజులో రెండు జాములు అక్కడే గడిచిపోతాయి. ఆమెను మూడో జాములో గుడి మండపంలో నాయకుడితో మాట్లాడించే వీలు రచయితకు ఉండదు. మాట్లాడించాలంటే చెలిమె దగ్గరే మాట్లాడించాలి.

రిజిస్టరు చివరి పేజీల్లో "లేనివి" అని ఒక పట్టిక పెట్టుకోవాలి. 13వ శతాబ్దపు ఊళ్లో మిరపకాయ లేదు. టమాట, ఆలుగడ్డ, పల్లికాయ, పొగాకు లేవు. ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్లు వచ్చాకే మన దగ్గరికి చేరాయి. తొక్కు నూరితే కారం మిరియాలతోనో పిప్పళ్లతోనో రావాలి. అందరూ జారిపడేది బంతిపువ్వు దగ్గర. తంగేడు, గునుగు పక్కన బంతిపూలు పేర్చడం మన కళ్లకు ఎంత అలవాటంటే, బంతి మెక్సికో వైపు నుంచి వచ్చిన మొక్క అని తోచదు. కాకతీయుల కాలంలో పూల పండుగ రాస్తే బంతిని తీసేయాల్సిందే. పసుపు రంగు తంగేడు మోస్తుంది, ఏమీ తక్కువ కాదు.

ఈ పట్టికలోనే కట్టడాలకు కూడా ఒక పేజీ ఉండాలి. ఓరుగల్లు కోటలో ఇప్పుడు నాలుగు తోరణాలు ఖాళీ నేల మీద నిలబడి కనిపిస్తాయి. ఆ దృశ్యాన్ని అలాగే ఎత్తి గణపతిదేవుడి కాలంలో పెడితే తప్పు. అవి స్వయంభూ శివాలయపు ద్వారాలు. అప్పుడు వాటి మధ్య గుడి ఉంది, జనం ఉన్నారు. శిథిలం అందంగా ఉంటుంది కాబట్టి రచయితకు దాని మీదే మోజు. రామప్ప గుడి కూడా అంతే. 1213 నాటి ఆ గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలతాయని మనమంతా గర్వంగా చెప్పుకుంటాం. చీటీలో ఇటుకలు కాల్చేవాళ్ల ఇల్లు వస్తే మాత్రం ఆవం దగ్గర రాత్రి జాములు ఎవరు కాపలా కాస్తారు, కట్టెలు ఎంత దూరం నుంచి వస్తాయి, వాన వస్తే పచ్చి ఇటుకలు దేంతో కప్పుతారు అన్నవి రాయాలి. నా రిజిస్టరులో అత్యధిక కొట్టివేతలున్న పేజీలు అవే.

పంచాంగం ఎందుకంటే వెన్నెల కోసం. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు అమావాస్య, చంద్రుడు ఉండడు. చివరి రోజు సద్దుల నాడు అష్టమి. పొద్దుగూకేసరికి సగం చంద్రుడు నడినెత్తి దరిదాపుల్లో ఉంటాడు, అర్ధరాత్రికి దిగిపోతాడు. చెరువు నుంచి ఆడవాళ్లు తిరిగొచ్చే దారిలో వెన్నెల పెట్టొచ్చు, తెల్లవారుజామున పెట్టకూడదు. ఇది ఏ కాలపు నవలకైనా వర్తిస్తుంది. దూరాలకూ ఇలాంటి లెక్క ఒకటి చాలు: ఎడ్లబండి రోజుకు 20 నుంచి 25 కిలోమీటర్లు. ఓరుగల్లు నుంచి పాలంపేటకు మూడు రోజులు, వానాకాలం రేగడి నేలలో బండి దిగబడితే నాలుగు.

పిలుపుల పట్టిక చిన్నదైనా తప్పనిసరి. కులాలు వేరైనా ఊళ్లో ప్రతి ఇద్దరికీ ఒక వరుస ఉంటుంది, కాక అనో, బావ అనో, అత్త అనో. ఆ పట్టిక లేకపోతే యాభై పేజీలకే అందరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం మొదలవుతుంది, ఊరు కాస్తా బస్టాండు అవుతుంది.

ఇక లోపాలు. అన్నిటికన్నా పెద్దది, రిజిస్టరు నవలను మింగేయడం. మూడో ఏడాదికి చీటీలు తీయడం రాయడం కంటే హాయిగా ఉంటుంది. ప్రశ్న అడిగిన పాఠకుడికి తెలియని జవాబు ఇక్కడుంది: రచయితకు లోపల ఉండాలనిపించేది ఊళ్లో కాదు, ఊరి లెక్కల్లో. దానికి నేను వాడే కట్టడి, నవల మూడు పేజీలు నడిచాకే రిజిస్టరులో ఒక పేజీ. రెండోది, రాసుకున్నదంతా పాఠకుడి నెత్తిన పెట్టాలన్న ఆరాటం. పది వివరాల్లో ఒకటి నవలలోకి పోతే చాలు. తొమ్మిది వెనక ఉన్నాయన్న సంగతి ఆ ఒక్కదాని నడకలోనే తెలుస్తుంది. మూడోది, ఒకే ఇల్లు రెండుసార్లు వస్తే చీటీ డబ్బాలో వేసి ఇంకోటి తీయాలనిపిస్తుంది. తీయకూడదు. వేరే కాలంలో, అదే ఇంట్లో ఇంకో మనిషిగా గడపాలి. తిండి లెక్కలకు కంప్యూటరులో స్ప్రెడ్‌షీటు నయం, జాముల పేజీలకు కాగితమే నయం, ఎందుకంటే ఖాళీ గడి కాగితం మీద కళ్లలో పడ్డట్టు తెర మీద పడదు.

మరి ఉంటానా? చీటీ వేయకుండా ఇల్లు ఎంచుకోనిస్తే నాలుగు రోజులు చూసొస్తాను. చీటీ తీసి ఏది వస్తే అది అంటే ఉండను. 200లో 186 సార్లు గటక, ఎండాకాలం చెలిమె, అమ్మవారు పోస్తే వేపాకులు తప్ప ఏమీ లేని ఇల్లు. మశూచి టీకా 1796కు గానీ రాలేదు. కొన్ని చీటీల్లో ఊరి బాయి దగ్గరికి కూడా పోనివ్వరు. అలా ఉండనని తేలిన తర్వాత రాసిన అధ్యాయాలే ఈ నవలలో గట్టిగా నిలిచాయి. సేద తీరడానికి కట్టుకున్న లోకాల్లో కాపురం హాయిగానే ఉంటుంది, కానీ అక్కడ ఎవరికీ దూప కాదు. అలాంటి లోకం కావాలనుకునేవాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు, డబ్బా కొనకండి. చరిత్రాత్మక నవల మొదలుపెట్టబోయేవాళ్లు మాత్రం మొదటి అధ్యాయం కన్నా ముందు కనీసం ఇరవై చీటీలు తీయాలి.

నా డబ్బాలో 131వ నంబరు చీటీ ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. కుమ్మరి ఇల్లు. ఆరో జాము గడి మూడుసార్లూ ఖాళీ. ఆవం ఆరాక కుండలు ఎవరు దించుతారో తేలేదాకా ఆ ఇంటి రాత్రి నవలలోకి రాదు.