రెండేళ్ల బిడ్డ పుట్టినరోజు: హాయ్‌ల్యాండా, రామోజీనా, భవానీ ద్వీపమా?

విజయవాడ, గుంటూరుల్లో మూడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో పుట్టినరోజు నెల రోజులుందనగానే ఈ చర్చ మొదలవుతుంది. ఫంక్షన్ హాలు, వందమంది భోజనాలు వద్దు, బిడ్డను సరదాగా ఎక్కడికైనా తీసుకెళ్దాం అనుకుంటారు. ఎక్కడికి? చినకాకానిలోని థీమ్ పార్కు హాయ్‌ల్యాండా, హైదరాబాదు దాకా వెళ్లి రామోజీ ఫిల్మ్ సిటీనో వండర్‌లానో చూపించాలా, కృష్ణలోని భవానీ ద్వీపమా, మాల్‌లో ఆటల జోనా? అడిగేవాళ్లందరూ ముందు రైడ్లు ఎన్ని ఉన్నాయి, టికెట్ ఎంత అనే అడుగుతారు. ఈ వయసు బిడ్డ విషయంలో ఆ రెండూ తర్వాతి లెక్కలు. మొదట చూడాల్సింది మధ్యాహ్నం నిద్ర.

ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పగటి కునుకు కూడా అందులోదే. పొద్దున ఏడింటికి లేచిన రెండేళ్ల బిడ్డ పన్నెండు, పన్నెండున్నరకల్లా కళ్లు నులుముకుంటుంది, చెవి పట్టుకు లాగుతుంది, చంక దిగనంటుంది. ఆ వేళ దాటించి ఇంకో గంట లాగితే నిద్ర రావడం మానేసి పేచీ మొదలవుతుంది. అప్పుడు ఏ రైడ్ ఎక్కించినా ఏడుపే. పెద్దవాళ్లేమో పిల్లకు రైడంటే భయమనుకుంటారు. నిజానికి అది భయం కాదు, అలసట. అంటే పార్కు ఎంత పెద్దదైనా మీకు దక్కేది పొద్దున పూట రెండు, రెండున్నర గంటలు మాత్రమే. ఆ రెండు గంటలూ బిడ్డ కారులో కాకుండా పార్కులో గడపాలి. ఏది మేలో తేల్చేది ఈ లెక్కే.

ఇలా చూస్తే హాయ్‌ల్యాండ్‌కి పెద్ద మొగ్గు ఉంది. చినకాకాని అటు విజయవాడకు, ఇటు గుంటూరుకు దాదాపు మధ్యలో, జాతీయ రహదారి 16 మీదే ఉంటుంది. వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి మీదుగా వెళ్తే ట్రాఫిక్ లేని వేళ అరగంట, ముప్పావుగంట ప్రయాణం. గుంటూరు వాళ్లకూ దూరం ఇంచుమించు అంతే, కాకపోతే దారిలో కాజ టోల్ గేటు తగులుతుంది. పొడి రైడ్లూ నీళ్ల పార్కూ ఒకే ఆవరణలో ఉన్నాయి. బౌద్ధ శిల్పాల తీరులో కట్టిన కట్టడాలు పెద్దవాళ్లకు ఫొటోలకు బాగుంటాయి. చినకాకానిలోనే ఎన్నారై ఆసుపత్రి, మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నాయి. చంటిబిడ్డతో బయల్దేరేవాళ్లకు ఆ ధైర్యం చిన్నదేమీ కాదు.

ఇంకో సౌకర్యం ఏమిటంటే పుట్టినరోజున గుడికి వెళ్లే అలవాటున్న ఇళ్లకు మంగళగిరి దారిలోనే ఉంది. ఎనిమిదింటికి కొండ కింద లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, ఇడ్లీ తినిపించి, గేటు తెరిచే వేళకి పార్కు చేరొచ్చు. కొండ మీద పానకాలస్వామి దర్శనం మధ్యాహ్నంతో ముగుస్తుంది కాబట్టి పార్కు అయ్యాక చూద్దామంటే కుదరదు. అలాగని పొద్దునే కొండ ఎక్కితే బిడ్డ ఓపిక సగం అక్కడే ఖర్చవుతుంది. కింది గుడితో సరిపెట్టుకోవడం మంచిది.

హాయ్‌ల్యాండ్‌తో వచ్చే చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంటుంది. పన్నెండున్నరకు కారెక్కితే తాడేపల్లి రాకముందే బిడ్డ నిద్రపోతుంది. బెంజి సర్కిల్ దగ్గర ఇల్లుంటే ఇరవై నిమిషాల నిద్రకే ఇల్లొచ్చేస్తుంది. ఎత్తుకోగానే మెలకువ వస్తుంది. ఆ ముక్క నిద్రతో చిరాకు పట్టుకుని, మళ్లీ పడుకోబెడదామంటే ఇంకో రెండు గంటల పాటు పడుకోదు, సాయంత్రం కేకు దగ్గర ఏడుస్తుంది. దీనికి మందు ఒకటే. పన్నెండు కాకముందే ఆట ఆపి, అక్కడే పెరుగన్నం తినిపించి, డైపర్ మార్చి, పొడి బట్టలు వేసి కారెక్కించండి. ఇల్లు చేరాక వెంటనే దించకండి. ఒకరు పైకెళ్లి పరుపు, ఫ్యాను సిద్ధం చేసేదాకా ఇంకొకరు ఇంజిన్, ఏసీ ఆపకుండా బిడ్డ పక్కనే కూర్చోవాలి. పూర్తిగా గాఢనిద్రలోకి జారాక, అంటే చెయ్యెత్తి వదిలితే బరువుగా పడిపోయేటప్పుడు, భుజాన వేసుకుంటే లేవదు.

బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి రెండు విషయాలు కనుక్కోండి: గేటు ఎన్నింటికి తెరుస్తారు, నీళ్ల వైపు ఆ రోజు నడుస్తుందా.

ఇక హైదరాబాదు. రామోజీ ఫిల్మ్ సిటీ అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, మన వైపే ఉంది కాబట్టి నగరంలోకి దూరకుండానే చేరొచ్చు. అయినా విజయవాడ నుంచి సుమారు 240 కిలోమీటర్లు, సూర్యాపేట దగ్గర ఒక ఆగుడు కలిపి నాలుగున్నర గంటలు. గుంటూరు వాళ్లు పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కెట్‌పల్లి దగ్గర హైవే ఎక్కుతారు, సమయంలో పెద్ద తేడా రాదు. వండర్‌లా ఇంకా ముందుకు ఉంది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి రావిర్యాల దగ్గర దిగాలి. ఒకే రోజులో వెళ్లి రావాలంటే తెల్లవారుజామున ఐదింటికి బిడ్డను నిద్రలోంచి లేపాలి, రాత్రి పదింటికి ఇల్లు చేరాలి. పైన చెప్పిన రెండున్నర గంటల ఓపిక దారిలోనే అయిపోతుంది. హైదరాబాదులో చుట్టాలుండి ముందు రోజే వెళ్లి పడుకునే వీలుంటే తప్ప ఈ వయసుకు నేను వద్దనే చెబుతాను.

చుట్టాలున్నవాళ్లకు రెంటిలో ఏదంటే రామోజీ. చిన్నపిల్లల కోసం ఫండుస్తాన్ అని వేరే ఆవరణ ఉంది, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట ఉన్నాయి. రెండేళ్ల బిడ్డకు ఏ రైడ్ కన్నా రంగురంగుల చిలుకలే ఎక్కువ వినోదం. సెట్లు తిప్పే బస్సు టూర్ మాత్రం వదిలేయండి, ఎక్కడం దిగడం వరుసల్లో నిలబడటంతో పొద్దున పూట అంతా పోతుంది. బొరాసురా అని చీకటి గుహలాంటిది ఉంటుంది, అందులోకి ఈ పిల్లల్ని అసలే తీసుకెళ్లొద్దు.

వండర్‌లా పెద్దపిల్లల పార్కు. పేరున్న రైడ్లన్నీ ఎత్తు గీత దాటినవాళ్లకే. అక్కడ టికెట్ కూడా వయసుతో కాదు, ఎత్తుతోనే: 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం. రెండేళ్లు నిండిన పిల్లల సగటు ఎత్తు 86 నుంచి 88 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది కాబట్టి సరిగ్గా ఈ వయసులోనే ఆ గీత దగ్గర వాదనలు జరుగుతాయి. ఇంట్లో గోడకు మడమలు, పిర్రలు, తల వెనక భాగం ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పుస్తకం సమంగా పెట్టి గీత గీసి టేపుతో కొలవండి. ఇది టికెట్ కోసమే కాదు. ఏ పార్కుకు వెళ్లినా ఏ రైడ్ ఎక్కొచ్చో, ఏది అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎక్కాలో ఆ అంకె చేతిలో ఉంటే అడిగి తెలుసుకోవచ్చు. ఏడాది బిడ్డ సగటున 75 సెంటీమీటర్లే ఉంటుంది. ఆ పుట్టినరోజుకు డబ్బు పోసి థీమ్ పార్కు టికెట్లు కొనడం దండగ.

ఏడాది బిడ్డకు భవానీ ద్వీపం చాలు. పున్నమి ఘాట్ నుంచి పడవ, అటు దిగాక చెట్ల నీడ, పచ్చిక. దుప్పటి పరిచి తాతయ్య, అమ్మమ్మ కూర్చుంటే బిడ్డ చుట్టూ పాకుతుంది. రైడ్ల గోల లేదు. కానీ పడవ దగ్గర మొహమాటపడకండి. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. పెద్దల లైఫ్ జాకెట్ చంటిబిడ్డకు తొడిగితే నీళ్లలో పడగానే అది పైకి జారి, బిడ్డ కిందికి జారిపోతుంది. కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చి ముందు బిగించే చిన్న సైజుది కావాలి, అక్కడ దొరక్కపోతే మీరే కొనుక్కుని తీసుకెళ్లండి. ఇంకో విషయం, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కృష్ణకు వరదొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తితే పడవలు ఆపేస్తారు. 2024 సెప్టెంబరులో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చినప్పుడు ద్వీపమే మునిగింది. ఆ నెలల్లో పుట్టినవాళ్లు రెండో ఏర్పాటు చూసుకోవాలి.

మాల్‌లో ఆటల జోన్‌కి గంటల లెక్కన డబ్బు. ఆదివారం సాయంత్రం వద్దు, ఏడెనిమిదేళ్ల పిల్లలు బంతుల తొట్టెలోకి దూకుతుంటారు. మామూలు రోజు పదకొండింటికి వెళ్తే ఖాళీగా ఉంటుంది. సాక్సులు తీసుకెళ్లండి, ట్రాంపొలిన్ ఎక్కించకండి. ఆరేళ్ల లోపు పిల్లలకు అది వద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. గుంటూరు వాళ్లకు శీతాకాలమైతే ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో కొంగలు, పెలికాన్లు ఒక గంటకు బాగుంటాయి.

ఎటు వెళ్లినా తల సంగతి మరవకండి. చాలా ఇళ్లలో పుట్టు వెంట్రుకలు తీయించేది ఈ వయసులోనే. గుండు మీద చర్మం ఎండ ఎరగని లేత చర్మం, పదిన్నర ఎండకే కందిపోతుంది. వెడల్పు అంచున్న నూలు టోపీ తప్పనిసరి. కత్తి గాట్లు మానేదాకా, అంటే గుండు చేయించిన వారం రోజులు, క్లోరిన్ నీళ్లలోకి దించొద్దు, మంటకు గుక్కపట్టి ఏడుస్తుంది. నీళ్లలోకి మామూలు డైపర్ వేసి దించితే అందులోని పొడి నీళ్లు పీల్చి ఉబ్బి బరువెక్కి జారిపోతుంది. ఈత డైపర్ విడిగా దొరుకుతుంది, అదే వేయాలి. మోకాలి లోతు నీళ్లయినా ఒక పెద్దమనిషి చెయ్యి బిడ్డ మీదే ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. పెదాలు నీలంగా మారినా, వణికినా వెంటనే తుడిచి బయటికి తెచ్చేయండి. తొలిసారి పావుగంట చాలు.

కేకు పార్కుకు మోయకండి. బయటి తిండి చాలా చోట్ల గేటు దగ్గరే ఆపుతారు, విప్పింగ్ క్రీమ్ మన ఎండకు అరగంటలో కారిపోతుంది. ఇంట్లో నిద్ర లేచి పాలు తాగాక సాయంత్రం ఐదింటికి కోయిస్తే బిడ్డే నవ్వుతూ కత్తి పట్టుకుంటుంది. వెలిగే కొవ్వొత్తి ఉన్నప్పుడు నురగ స్ప్రే కొట్టనివ్వకండి, దాన్ని తోసే వాయువుకు మంట అంటుకుంటుంది. వీధిలో అమ్మే గాల్లోకి ఎగిరే బెలూన్లలో హైడ్రోజన్ ఉండొచ్చు, దీపం దగ్గర కట్టొద్దు. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయండి, గొంతుకు అడ్డం పడే ఆటవస్తువుల్లో అవి ముందు వరుసలో ఉంటాయి. పాప్‌కార్న్, వేరుశెనగలు, కోయని ద్రాక్ష కూడా అంతే.

పుట్టినరోజు ఏప్రిల్, మేలో పడితే పొద్దున పదకొండింటికి మాల్, లేదంటే ఇంట్లోనే కేకు. హాయ్‌ల్యాండ్ టికెట్లు నవంబరుకు దాచుకోండి, అప్పటికి బిడ్డ ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది, ఎక్కగలిగే రైడ్లూ ఇంకొన్ని ఉంటాయి.