సంగీతోత్సవంలో తినడానికి ఎప్పుడు లేవాలి: విరామంలోనా, పాట సాగుతుండగానా?

ఆరుబయట జరిగే సంగీతోత్సవాలకు కలిసి వెళ్లే మిత్రులు ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుంది. ముందే తిని కూర్చోవాలా, విరామం దాకా ఓపిక పట్టాలా, లేక పాట సాగుతుండగానే లేచి తినుబండారాల దుకాణాల వైపు వెళ్లాలా? చాలాకాలం నేను విరామమే మేలని చెబుతూ వచ్చాను. పాడుతున్నవారి ఎదుట లేచిపోవడానికి మనసు ఒప్పేది కాదు, ఒక్క పాటనైనా వదులుకోవాలని అనిపించేది కాదు. ఇటీవల ఒక ఉత్సవంలో వరుసగా రెండు రాత్రులు, ఒకే దుకాణంలో, రెండు వేర్వేరు సమయాల్లో తిన్న తరువాత నా అభిప్రాయం మారింది.

మొదటి రాత్రి విరామంలో వెళ్లాను. అందరికీ ఒకేసారి ఆకలి గుర్తుకొచ్చినట్లు వరుస మైదానం సగం దాకా సాగింది. వేపుళ్లు చేస్తున్న వ్యక్తి ఆ రద్దీని చూసి బాండీలో పట్టినన్ని ముక్కలు గుమ్మరిస్తున్నాడు. అతని తొందర అర్థం చేసుకోదగినదే, కానీ నూనెకు ఆ తొందర గిట్టదు. వేపుడుకు నూనె సుమారు 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండాలి. ముక్క వేయగానే దానిలోని తడి ఆవిరై బయటికి తన్నుకొస్తుంది, ఆ ఆవిరి ఉన్నంతసేపూ నూనెను లోపలికి రానివ్వదు. చల్లటి ముక్కలు ఒకేసారి ఎక్కువగా పడితే నూనె వేడి దిగిపోతుంది, ఆవిరి మందగిస్తుంది, పైపొర గట్టిపడడానికి ఎక్కువసేపు పడుతుంది. వాయి తీశాక కూడా, ముక్క చల్లారుతున్నకొద్దీ పైన అంటుకున్న నూనె లోపలికి ఇంకుతుంది కాబట్టి, వడకట్టే వ్యవధి లేకపోవడం మరో నష్టం. నా చేతికి వచ్చిన కాగితపు పొట్లం అడుగు అప్పటికే నూనెతో పారదర్శకంగా మారింది, ముక్కలు మెత్తగా వేలాడాయి.

రెండో రాత్రి, నాకు అంతగా ఆసక్తి లేని బృందం పాడుతున్నప్పుడు వెళ్లాను. నా ముందు ఇద్దరే ఉన్నారు. అదే వ్యక్తి ఈసారి గుప్పెడు ముక్కలే వేసి, చిటపటలు సన్నగిల్లేదాకా ఆగి, జల్లిగరిటెతో పైకెత్తి బాండీ అంచుకు రెండుసార్లు తట్టి, నూనె ఓడ్చాక అందించాడు. కొరికితే కరకరలాడింది. పదార్థమూ చేయీ అవే, మారినవి వాయి పరిమాణం, నూనె ఓడ్చే వ్యవధి మాత్రమే. అందుకే నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది వరుసలో నిలబడే శ్రమ కాదు, వండేవారికి దొరికే తీరిక.

రుచి విషయంలో శబ్దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విమానంలో వినిపించేంత మోత మధ్య రుచులను పరీక్షించగా, తీపి మందగించినట్లు తేలింది. కాబట్టి కొన్నది పట్టుకుని మళ్లీ స్పీకర్ల ముందుకు పోకుండా, మైదానం అంచునే తినడం మంచిది. ఆరుబయట ఒకే చోటి నుంచి వచ్చే శబ్దం, దూరం రెట్టింపయిన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్ తగ్గుతుంది. చెవులకూ ఇది విశ్రాంతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన ప్రమాణం వేదికల వద్ద సగటు శబ్దం 100 డెసిబెల్ దాటకూడదని చెబుతూనే, ప్రేక్షకులకు నిశ్శబ్ద స్థలాలు ఉండాలని కోరింది. అంచున పాట పూర్తిగా ఆగిపోదు, కాస్త పలచబడి వినిపిస్తుంది, అంతే.

అయితే ముందే వండి పెద్ద గిన్నెల్లో ఉంచి వడ్డించే దుకాణాల విషయంలో విరామమే నయమని ఒప్పుకోవాలి. వండిన ఆహారం 60 డిగ్రీల కంటే వేడిగా ఉండాలి, మామూలు వాతావరణంలో రెండు గంటలకు మించి ఉండిపోకూడదు. రద్దీలో గిన్నె త్వరగా ఖాళీ అయి కొత్తది వస్తుంది, జనం లేని వేళ అది అలాగే మిగిలిపోతుంది. మూత తీసినప్పుడు పొగలు రాకపోతే అక్కడ కొనకుండా ముందుకు సాగడమే క్షేమం.

ముందే తిని కూర్చోవడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మందులు వేళకు వేసుకోవలసినవారికి, చిన్నపిల్లలతో వచ్చేవారికి అదే సరైనది. పొట్లాల్లో అమ్మే చిరుతిళ్లు ఎప్పుడు తిన్నా ఒకటే, వాటికోసం సమయం చూసుకోనక్కరలేదు.

పాట సాగుతుండగా లేవాలనుకునేవారు రెండు పాటల మధ్య, చప్పట్లు మోగుతున్నప్పుడు లేస్తే పక్కవారికి ఇబ్బంది ఉండదు. ఎవరికోసం వచ్చామో ఆ కళాకారులు ఎన్ని గంటలకు వేదికెక్కుతారో ముందుగానే చూసుకుని, అంతకు కనీసం అరగంట ముందు తినడం ముగించేలా బయలుదేరితే, వారి తొలి పాటకే మన చోట మనం ఉంటాం.