ఘాజీ డయోరమా సెట్ కొనేవాళ్లు జాగ్రత్త: ఆ డబ్బాలో ఉన్నది ఎపాక్సీ కాదు

స్కేల్ మోడల్స్ చేసే మిత్రులందరికీ, ముఖ్యంగా డిసెంబర్ 4 నేవీ డే లోపు ఘాజీ (1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్) మీద ఏదైనా చేద్దామని చూస్తున్నవాళ్లకి ఈ మాట. "ఘాజీ కంప్లీట్ డయోరమా సెట్, 1/350" అని ఒక ప్రకటన తిరుగుతోంది. డయోరమా అంటే మోడల్‌ని చుట్టూ ఉన్న దృశ్యంతో సహా చూపించేది, 1/350 అంటే అసలు ఓడలో మూడువందల యాభయ్యో వంతు. సబ్‌మెరైన్ కిట్, సముద్రం పోసుకోవడానికి రెసిన్ (పోశాక గట్టిపడే ద్రవం, మామూలుగా ఎపాక్సీ రకం వాడతాం), రంగులు, అన్నీ ఒకే పెట్టెలో అంటారు. నేను 9,400 రూపాయలు పెట్టి కొన్నాను. నాలుగు నెలల పని నలభై నిమిషాల్లో కరిగిపోయింది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే కరిగింది.

అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రాస్తే రేపు ఇంకో పేరు పెట్టుకుని వస్తారు. సరుకు ఎలా ఉంటుందో చెబితే ఏ పేరుతో వచ్చినా మీరు గుర్తుపడతారు.

మాది విశాఖ. మా పెదనాన్న 1971లో వన్‌టౌన్‌లో ఉండేవారు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక కిటికీ రెక్కలు అదిరాయనీ, భూకంపం అనుకుని వీధిలోకి పరుగెత్తామనీ చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. హార్బర్ బయట మునిగింది పాకిస్తాన్ సబ్‌మెరైన్ అని వాళ్లకి తెలిసింది తర్వాతే. ఈ కథ వింటూ పెరిగినవాడు ప్లాస్టిక్ మోడల్స్ పిచ్చిలో పడితే చివరికి ఘాజీ దగ్గరికే వస్తాడు కదా, నేనూ వచ్చాను.

నేను అనుకున్న దృశ్యం పేలుడు కాదు. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ల లోతులో పేలే బాంబుల) వల్లే మునిగిందని మన నేవీ అంటుంది, సొంత మైన్లే (నీళ్లలో పెట్టే మందుపాతరలే) పేలాయని పాకిస్తాన్ వాళ్లు అంటారు. ఆ గొడవ నా షోకేసులో వద్దు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ కరాచీ నుంచి నవంబర్‌లో బయల్దేరి అంత దూరం వచ్చిన ఓడ, ఆ విక్రాంత్ ఎప్పుడో అండమాన్ వైపు వెళ్లిపోయిందని తెలియక, మన ఊరి ముంగిట పెరిస్కోప్ ఒక్కటి పైకి పెట్టి కూర్చుంటే ఎలా ఉంటుంది? అంతే. పైన నల్లటి నీళ్లు, కింద నిశ్శబ్దం.

చెప్పడానికి తేలికే గానీ దీనికి రెసిన్ చాలా కావాలి. పెరిస్కోప్ మాత్రం నీళ్లపైకి రావాలంటే ఆ తరహా సబ్‌మెరైన్ అడుగు భాగం సుమారు 18 మీటర్ల లోతులో ఉండాలి. 1/350లో అది 5 సెంటీమీటర్ల పైమాటే. కింద కాస్త ఖాళీ కలుపుకుంటే 7 సెంటీమీటర్ల మందం నీళ్లు. ఓడ పొడవు 95 మీటర్లు, అంటే మోడల్ 27 సెంటీమీటర్లు. 32 సెంటీమీటర్ల పొడవు, ఆరున్నర వెడల్పు ఉన్న చట్రంలో పోస్తే దాదాపు లీటరున్నర పడుతుంది. ఆ సెట్‌లో సరిగ్గా అరలీటరు డబ్బాలు మూడు ఇస్తామన్నారు. ఎవరో లెక్క తెలిసినవాళ్లే తయారు చేశారని సంబరపడ్డాను.

పార్సిల్ విప్పగానే మొదటి దెబ్బ తగిలింది. ఘాజీ అమెరికా వాళ్ల టెంచ్ తరగతి సబ్‌మెరైన్. యూఎస్‌ఎస్ డయాబ్లో పేరుతో 1945లో వాళ్ల నేవీలో చేరింది, 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. ఈ మధ్యలో దాని రూపం మారింది. డెక్ మీది ఫిరంగులు తీసేశారు, స్నార్కెల్ (నీళ్ల కింద ఉండగానే పైనుంచి గాలి తీసుకునే గొట్టం) పెట్టారు, కన్నింగ్ టవర్ (డెక్ మీద లేచి ఉండే బురుజు) చుట్టూ నున్నటి తొడుగు వేశారు. దాన్నే సెయిల్ అంటారు. ప్రకటన ఫొటోలో సెయిల్ నున్నగానే ఉంది. పెట్టెలో ఉన్నది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం నాటి రూపం. ముందు ఫిరంగి, టవర్ మీద విమాన విధ్వంసక తుపాకులు, చుట్టూ రెయిలింగులు. పైగా కంపెనీ పెట్టె కాదు, అట్టపెట్టెలో కవర్లు. ఎక్కడో విడిగా తెచ్చిన స్ప్రూలు (కిట్ భాగాలు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రాలు).

అమ్మినతనికి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు ఇదీ: "అన్నా, బీచ్‌లో పెట్టిన సబ్‌మెరైన్ చూసే చేయించాం, ఒరిజినల్ ఘాజీ అదే కదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆర్.కె. బీచ్‌లో ఉన్నది కుర్సురా. మన నేవీ సొంత సబ్‌మెరైన్, సోవియట్ తయారీ, 1969 నుంచి 2001 వరకూ సేవ చేసి 2002లో మ్యూజియం అయింది. దాని వెనక మూడు ప్రొపెల్లర్లు ఉంటాయి, ఘాజీకి రెండే. ఇంతకీ అతను పంపింది కుర్సురా కూడా కాదు.

అక్కడే తిప్పి పంపాల్సింది. పంపలేదు, అది నా తప్పే. స్కేలు పెట్టి కొలిస్తే పొడవు సరిగ్గా 27 సెంటీమీటర్లు వచ్చింది. పాత అమెరికన్ సబ్‌మెరైన్ల పొడవులు ఇంచుమించు ఒకటే కాబట్టి హల్ (ఓడ ఒళ్లు) పనికొస్తుంది, సెయిల్ నేనే చేసుకుంటే సరి అనుకున్నాను. మనవాళ్లకి ఇదో జబ్బు, కిట్‌లో తప్పుంటే కోపం రాదు, చేతులు దురద పెడతాయి. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు కోసి సెయిల్ కట్టాను. డెక్ మీద ఫిరంగి కోసం ఉన్న గుంతలు పుట్టీతో పూడ్చాను. ఇత్తడి తీగతో పెరిస్కోప్, స్నార్కెల్ చేశాను. ఆదివారాలు, కొన్ని రాత్రిళ్లు, మొత్తం నాలుగు నెలలు. ఈలోపు వాళ్ల ఏడు రోజుల రిటర్న్ గడువు ఎప్పుడో దాటిపోయింది. మన హాబీలో అందరం ఇంతే చేస్తాం. ఇవాళ కొంటాం, తీరికున్నప్పుడు కడతాం. రెసిన్ డబ్బా మూత చివర్లో గానీ తియ్యం. ఇలా మోసం చేసి అమ్మేవాళ్లకి కావల్సింది కూడా అదే.

ఇక రెసిన్ సంగతి. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను, ఇక్కడి నుంచి కాస్త నిదానంగా చదవండి.

డబ్బాల మీద "క్రిస్టల్ ఓషన్ ఎపాక్సీ" అని స్టిక్కర్ ఉంది. తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, ఎమ్మార్పీ, తేదీ, ఏవీ లేవు. మూడు డబ్బాలకీ కలిపి హార్డ్‌నర్ (రెసిన్‌ని గట్టిపరచడానికి కలిపేది) అని ఒకే ఒక్క చిన్న సీసా, కంటి చుక్కల మందు సీసా కంటే కొంచెం పెద్దది. నూరు మిల్లీలీటర్లకి ఒకటి రెండు మిల్లీలీటర్లు వేస్తే చాలని చీటీ. మూత తీస్తే ముక్కు పుటాలు మండే ఘాటు. రెసిన్ లేత గులాబీ రంగులో ఉంది. అడిగితే "అది సీ టింట్ అన్నా" అన్నాడు. గులాబీ రంగు సముద్రం ఎక్కడుందో అడగాలని అప్పుడు తోచలేదు.

అంతకు ముందు చిన్న చిన్న పనులకి ఎపాక్సీ వాడాను. దానికి రెండు భాగాలుంటాయి. హార్డ్‌నర్ రెసిన్‌తో సమానంగానో, సగమో, మూడో వంతో ఉంటుంది. చుక్కల లెక్కన వేసే హార్డ్‌నర్ ఎపాక్సీకి ఉండదు. వాసన కూడా ఇంత ఉండదు. ఈ తేడాలన్నీ కళ్ల ముందే ఉన్నా "కొత్త రకమేమో, కాన్సన్‌ట్రేటెడ్ అయ్యుంటుంది" అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మొదటి పొర ఒకటిన్నర సెంటీమీటరు, ఓడకి తగలకుండా కింద మాత్రమే పోశాను. బాగానే గట్టిపడింది. బాగా వేడెక్కింది, పైన కాస్త జిగురు మిగిలింది. సరే, మన తీరంలో తేమ ఎక్కువ కదా అనుకున్నాను. మర్నాడు ఇత్తడి కడ్డీల మీద సబ్‌మెరైన్‌ని నిలబెట్టి రెండో పొర పోశాను. పది నిమిషాలకి హల్ మీద నల్ల రంగు ముడతలు పడింది. నల్లటి పొగలాంటిది రెసిన్‌లోకి సాగడం మొదలైంది. ఇరవై నిమిషాలకి ముక్కు భాగం తడిసిన అప్పడంలా కిందికి వాలింది. నేను కట్టిన సెయిల్ పల్చటి షీటు కదా, అది ముందే పక్కకి ఒరిగిపోయింది. చెయ్యి పెట్టి తీయబోతే పెరిస్కోప్ ఒక్కటే చేతికొచ్చింది. ఆ తర్వాత అంతా గట్టిపడింది. మధ్యలో అడ్డంగా ఒక పగులు కూడా వచ్చింది.

మిగిలిన డబ్బా పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. ఆ వాసన ఎక్కడో తెలిసినదే అని రాత్రంతా అనిపిస్తూనే ఉంది. అక్కడ ఫైబర్ బోట్లకి మాట్లు వేసే ఒక పెద్దాయన మూత తీసి ముక్కు దగ్గరికి కూడా తీసుకోలేదు. "ఇది మా రెసినే కద బాబూ, బోటుకేస్తాం. సముద్రం చేయడానికి దీన్నెవడిచ్చాడు?" అన్నాడు.

అది పాలియెస్టర్ రెసిన్. అందులో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది. మన కిట్లు దాదాపు అన్నీ పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌వే. ఆ ద్రావకం ఈ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, మనం వాడే ప్లాస్టిక్ సిమెంట్ భాగాల్ని కరిగించి అతికించినట్టే. తేడా ఏమిటంటే సిమెంట్ గీతలా రాస్తాం, ఇక్కడ ఓడ మొత్తాన్నీ అందులోనే ముంచాను. పైన వేసిన రంగు దాన్ని ఆపలేదు. ఆ గులాబీ రంగు సీ టింట్ కాదు, త్వరగా గట్టిపడటానికి అందులో ముందే కలిపే కోబాల్ట్ రసాయనం వల్ల వచ్చేదని ఆ పెద్దాయనే చెప్పాడు. పైన జిగురు మిగలడానికి కూడా తేమ కారణం కాదు. గాలి తగిలే చోట ఈ రకం రెసిన్ పూర్తిగా ఆరదు.

ఓడ పోయిన బాధ ఒక ఎత్తు, ఇంకో విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ వణుకే. ఆ చిన్న సీసాలో ఉన్నది పెరాక్సైడ్ రకం కేటలిస్ట్. కంట్లో పడితే చూపు పోవచ్చు. కోబాల్ట్ విడిగా ఉన్న సీసాతో దాన్ని నేరుగా కలిపితే పేలుడే జరగొచ్చు. ఫైబర్ షాపుల్లో పనిచేసేవాళ్లకి మొదటి రోజే చెప్పే జాగ్రత్త అది. నా చీటీలో ఆ ముక్క లేదు. నేను కళ్లద్దాలు లేకుండా, మాస్క్ లేకుండా, పడకగదిలో బల్ల మీద పోశాను. పక్క గదిలో మా పాప నిద్రపోతోంది.

కాబట్టి డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే, పోసే ముందు మీ కిట్‌లో మిగిలిన స్ప్రూ ముక్క ఒకటి చిన్న గిన్నెలో ఆ రెసిన్‌లో వేసి గంట ఆగండి. మెత్తబడినా, వేలికి జారుడుగా తగిలినా మూత పెట్టేయండి. చేతికి గ్లౌజు మర్చిపోవద్దు. నాకు రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేసే తీరిక లేకపోయింది. అసలైన ఎపాక్సీ అయినా ఇంత మందం ఒకేసారి పోయకండి. గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి ప్లాస్టిక్ వంకరపోతుంది. లోతుగా పోయడానికి వేరే రకం దొరుకుతుంది, లేదంటే అర సెంటీమీటరు చొప్పున పొరలు పొరలుగా పోసుకోవాలి. ఓపిక కావాలి, తప్పదు.

డబ్బు సంగతీ చెప్పాలి. ఫిర్యాదు చేస్తే మొదట "మీరు కలపడం తప్పు అన్నా" అన్నాడు. తర్వాత "అన్‌బాక్సింగ్ వీడియో ఉందా" అన్నాడు. డబ్బాల ఫొటోలు పంపాక బ్లాక్ చేశాడు. అప్పుడు గానీ ప్రకటనలోని ఫొటోని నెట్‌లో వెతకలేదు. అది ఏదో విదేశీ మోడలర్ కట్టిన వేరే అమెరికన్ సబ్‌మెరైన్, ఆ నీళ్లు కూడా ఆయనవే. నేను యూపీఐలో డబ్బు పంపింది ఒక వ్యక్తి పేరు మీద. బిల్లు లేదు, జీఎస్టీ నంబర్ లేదు, చిరునామా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. ఫిర్యాదు నమోదైంది, కానీ ఎదుటివాడు ఎవరో చూపించే కాగితం నా దగ్గర లేకపోతే వాళ్లు మాత్రం ఎవర్ని పట్టుకుంటారు? మీరు కొనేటట్టయితే బిల్లు ఇస్తేనే డబ్బు కట్టండి. కిట్ స్ప్రూల ఫొటో, పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి పంపమని అడగండి. నిజంగా సరుకున్నవాడికి అది రెండు నిమిషాల పని. పార్సిల్ వచ్చాక కట్టేది ఏడాది తర్వాతైనా సరే, ఆ వారంలోనే ప్రతి సీసా మూతా తీసి చూడండి.

మా పెదనాన్న వచ్చి ఆ దిమ్మెని చూశారు. వంగిన ముక్కు, విరిగిన సెయిల్, చుట్టూ నల్లటి మబ్బు. చాలాసేపు చూసి, "పర్లేదురా, పేలినాక ఇలాగే ఉండుంటుంది" అన్నారు. పేలుడు వద్దనుకున్నవాణ్ని, ఏం చెప్పను?

ఒక డబ్బా ఇంకా నా దగ్గర ఉంది, మూత టేపు చుట్టి మేడ మీద పెట్టాను. విశాఖలో ఉన్నవాళ్లెవరైనా ఆ వాసన ఒకసారి తెలుసుకుంటానంటే రండి, చూపిస్తాను. పిల్లల్ని మాత్రం తీసుకురాకండి.