ఫ్రిస్కోనా, ప్లానోనా?

డాలస్ వస్తున్నాం, పిల్లలున్నారు, ఎక్కడ ఉండాలి అంటే మనోళ్ళు ఆలోచించకుండా ఫ్రిస్కో అనేస్తారు, పక్కనే ఉన్న ప్లానో గుర్తుకురాదు. రెండూ డాలస్‌కి ఉత్తరాన ఉన్న శివారు ఊళ్ళే. నిజమే, ఫ్రిస్కోలో కొత్త ఇళ్ళు, కార్యసిద్ధి హనుమాన్ గుడి ఊళ్ళోనే, సాయంత్రం వాకింగ్‌కెళ్తే తెలుగు వినపడుతూనే ఉంటది, ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే బోరు కొట్టదు. కానీ నీడ ఏదీ? కొత్త కాలనీల్లో చెట్లింకా కర్రలకి కట్టే ఉన్నాయి, జులైలో పార్కులో జారుడుబల్ల ముట్టుకుంటే చెయ్యి కాలుద్ది. ప్లానోలో చాలా ఇళ్ళు 1980, 90ల నాటివి, రూఫూ ఏసీ చూసి కొనాలి, అయితే వీధంతా పెద్ద చెట్లు, పైగా డాలస్‌లోకి వెళ్ళే డార్ట్ లోకల్ రైలుంది, ఫ్రిస్కోకి అది లేదు. స్కూళ్ళా? ఫ్రిస్కోలో 9వ క్లాసు నుంచి 12 దాకా ఒకే హైస్కూలు, ప్లానోలో 10 అయ్యాక 11, 12 క్లాసులకి సీనియర్ హై అనే వేరే స్కూలుకి మారాలి, ఆ స్కూల్లో పిల్లలు ఎక్కువ. ప్రాపర్టీ టాక్స్ రెండుచోట్లా వాతే. చిన్నపిల్లలైతే నా ఓటు ప్లానోకే.