డాట్ ఐఓ డొమైన్: సేవ బాగుంది, ఊరే వివాదంలో ఉంది

ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సేవ కోసం డాట్ ఐఓ (.io) డొమైన్, అంటే ఆ అక్షరాలతో ముగిసే వెబ్ చిరునామా, వాడుతున్నాను. పని వరకే చెప్పాలంటే ఫిర్యాదు లేదు. డాట్ కామ్‌లో ఎప్పుడో అయిపోయిన పొట్టి పేర్లు ఇందులో ఇంకా దొరుకుతాయి, నివాస ధ్రువీకరణ అడగరు, గూగుల్ కూడా దీన్ని ఏ ఒక్క దేశానికో పరిమితం చేయదు. రుసుము మాత్రం డాట్ కామ్ కంటే బాగా ఎక్కువ. అంత వసూలు చేస్తున్నా, 2017లో దీని నేమ్ సర్వర్ల (ఏ చిరునామా ఎక్కడుందో చెప్పే కంప్యూటర్ల) పేర్లలో కొన్ని ఎవరైనా కొనుక్కునేలా ఖాళీగా ఉన్నాయని ఒక భద్రతా పరిశోధకుడు స్వయంగా కొని నిరూపించాడు.

అయితే కొనేవారు రుసుము కంటే ముందు చూడవలసింది ఐఓ అనే ఈ రెండక్షరాల దేశ కోడ్ ఎవరిదన్నది. ఇది బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానికి, అంటే ఛాగోస్ దీవులకు కేటాయించినది. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వడానికి మూడేళ్ల ముందు, 1965లో, బ్రిటన్ ఈ దీవులను దాని నుంచి విడదీసి కొత్త వలసగా ప్రకటించింది. వాటిలో పెద్ద దీవి డియేగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1968 నుంచి 1973 వరకు అక్కడివారినందరినీ మారిషస్‌కు, సీషెల్స్‌కు తరలించింది. వాళ్లు కొబ్బరి తోటల్లో తరతరాలుగా పనిచేసినవారు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల, భారతదేశం నుంచి వచ్చిన కూలీల సంతతి. 1971లో వాళ్ల పెంపుడు కుక్కలను కొబ్బరి ఎండబెట్టే షెడ్లలోకి తోలి, వాహనాల పొగ వదిలి చంపారు. డొమైన్ అమ్మే పేజీల్లో ఈ చరిత్ర ఒక్క వాక్యమైనా నాకు కనిపించలేదు. డొమైన్ల అమ్మకపు ఆదాయంలో తమకూ వాటా ఉండాలని ఛాగోస్ వాసులు అడగడం నాకు న్యాయంగానే తోస్తుంది.

బ్రిటన్ ఈ దీవుల పాలనను వీలైనంత త్వరగా ముగించాలని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న, సార్వభౌమత్వాన్ని మారిషస్‌కు అప్పగించి డియేగో గార్సియాను 99 ఏళ్ల లీజుకు ఉంచుకునే ఒప్పందంపై బ్రిటన్ సంతకం చేసింది. అది అమలై, ఐఓ కోడ్‌ను దేశ కోడ్ల అంతర్జాతీయ ప్రమాణాల పట్టిక నుంచి తొలగిస్తే, డొమైన్‌ను మూసివేసే ప్రక్రియ మొదలవుతుంది. దానికి సాధారణ గడువు ఐదేళ్లు, పొడిగిస్తే పదేళ్లు. యుగోస్లావియా డాట్ వైయూ 2010లో అలాగే పోయింది. సోవియట్ యూనియన్ డాట్ ఎస్‌యూ మాత్రం ఆ దేశం విచ్ఛిన్నమైన దశాబ్దాల తర్వాతా నడిచింది కాబట్టి ఇప్పుడే బెంబేలెత్తనక్కరలేదు.

రెండు మూడేళ్ల ప్రయోగానికైతే తీసుకోవచ్చు. ఈమెయిల్ చిరునామాలన్నీ దీనిపైనే పెట్టి దీర్ఘకాలం నడపదలచిన వ్యాపారానికి మాత్రం సిఫారసు చేయను. నా గడువు తీరాక నేనూ వేరే పేరుకు మారుతున్నాను. ఐదుకు రెండున్నర.