తుపాను గుర్తు మాయమైన రోజు: రెండేళ్లుగా వాడుతున్న వాతావరణ యాప్ గురించి

గాలులు తెల్లటి పోగుల్లా మ్యాప్ మీద పారుతూ కనిపించే యాప్ ఒకటి నా ఫోన్‌లో రెండేళ్లుగా ఉంది. తిట్టబోతున్నాను కాబట్టి పేరు చెప్పను. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను అప్పుడు వేసుకున్నాను. అది చూసే తిరుపతి ప్రయాణం మానుకున్నాం. ఆ తర్వాత చుట్టాలందరి ఫోన్లలో నేనే దగ్గరుండి వేయించాను. ఆ హెచ్చరిక టీవీలో కూడా పొద్దస్తమానం వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

నాకు అందులో బాగా నచ్చింది తుపాను గుర్తు. ఎర్రటి సుడి, దాని ముందు ఎటు పోతుందో చూపించే గీత. ఇప్పుడు నా కోపమంతా దాని మీదే.

2025 అక్టోబర్‌లో, కార్తీకంలో అన్నవరంలో వ్రతం చేయించాలని అమ్మ ఆశ. అట్నుంచి వైజాగ్, అరకు పోవాలని పిల్లల ఆశ. 27 రాత్రి కాజీపేటలో రైలెక్కాలి. అప్పుడే బంగాళాఖాతంలో మొంథా తుపాను. గీత చూస్తే సరిగ్గా కాకినాడ వైపే ఉంది. అరగంటకోసారి తెరిచేవాణ్ణి. గీత ఇసుమంత జరిగితే చాలు, అమ్మకు చూపించేవాణ్ణి. ఇలాంటి యాప్‌లకు ఆధారమైన అమెరికా, యూరప్ వాతావరణ సంస్థల లెక్కలు రోజుకు నాలుగుసార్లే మొదలవుతాయనీ, అవి పూర్తయి మన ఫోన్‌కి చేరేసరికి ఇంకొన్ని గంటలు పడుతుందనీ తర్వాత తెలిసింది. అంటే పదిసార్లు చూసినా ఎక్కువసార్లు కనిపించింది పాత గీతే. 27 మధ్యాహ్నం టికెట్లు రద్దు చేశాను. రైల్వే రద్దు చేసేదాకా ఆగితే మొత్తం డబ్బు వచ్చేదేమో, తొందరపడినందుకు కోత పడింది.

28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. "మంచి పని చేసినవు బిడ్డా, లేకుంటే అక్కడ ఇరుక్కుపోతుంటిమి" అంది అమ్మ. హాయిగా పడుకున్నాం.

29న మా హనుమకొండలో పట్టుకున్న వాన వదల్లేదు. మధ్యాహ్నం దాటాక వరంగల్ శివనగర్‌లో ఉండే మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, వాకిట్లకు నీళ్లొస్తున్నయి, సామాన్లు పైకెక్కియ్యాల్నా?" అని అడిగింది. నేను యాప్ తెరిచాను. సుడి లేదు, గీత లేదు. "ఏం కాదు చెల్లె, తుపాను అయిపోయింది, మ్యాప్‌లోనే లేదు" అన్నాను. చీకటి పడేసరికి వాళ్లింట్లో మంచం కోళ్లు మునిగాయి. కింద పెట్టిన బియ్యం బస్తా సగం దాకా తడిసింది. పిల్లల స్కూలు బ్యాగులు ఫ్రిజ్ మీద ఉన్న ఫొటో పంపింది, కింద ఒక్క మాట రాయకుండా. అది చూశాక నాకు అన్నం సహించలేదు.

సంగతేంటంటే, గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకన్నా తగ్గితే దాన్ని తుపాను అనరు, తీవ్ర వాయుగుండం అంటారు. అందుకే యాప్ ఆ సుడిని తీసేసింది. తగ్గింది గాలి, మబ్బులో నీళ్లు కాదు. మా జిల్లా భీమదేవరపల్లిలో ఆ వానకు 40 సెంటీమీటర్లు దాటింది. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు మునిగి రైళ్లు ఆగిపోయాయి. సముద్రానికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నామన్న ధైర్యం ఏమైందో తెలీదు.

నిజానికి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ దగ్గర కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది కదా. దానికి కారణమైన వాయుగుండానికి పేరు కూడా పెట్టలేదు.

యాప్‌ని పూర్తిగా తీసిపారేయలేను. అదే యాప్‌లో రాబోయే మూడు రోజుల వాన మొత్తం కలిపి చూపించే రంగుల పటం ఇంకోటి ఉంది. రెండేళ్లలో దాన్ని ఒక్కసారీ నొక్కలేదు. ఆ రాత్రి నొక్కితే వరంగల్ మీద ముదురు రంగు ఉంది. అంకె మాత్రం కురిసినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. ఇప్పుడు వాతావరణ శాఖ జిల్లాలవారీ రంగుల హెచ్చరిక ముందు చూస్తున్నాను. వాన మొదలయ్యాక టీజీడీపీఎస్ (తెలంగాణ ప్రభుత్వ ప్రణాళికా సంస్థ) వాళ్ల మండలాలవారీ వాన అంకెలు చూస్తున్నాను. యాప్ వంతు ఆఖర్న.

తీరంలో ఉండేవాళ్లకు ఆ గీత పనికొస్తుందేమో, వాళ్లకు గాలి కూడా ముఖ్యం. మాలాగా నాలాల పక్కన బతికేవాళ్లకు ఏం చెప్పాలో నాకే తేలడం లేదు. ఏడాది చందా అయిపోతోంది, మళ్లీ కట్టాలో లేదో ఆలోచిస్తున్నాను.

అన్నవరం టికెట్లు మాఘంలో, మేడారం జాతర రద్దీ తగ్గాక తీశాం. అప్పుడు బంగాళాఖాతం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. అమ్మ మాత్రం నన్ను అడగడం మానేసింది. పొద్దున్నే శివనగర్‌కి ఫోన్ చేసి "మబ్బు పట్టిందా బిడ్డా" అని చెల్లెనే అడుగుతోంది.