పాత డీజిల్ ఇంజన్ పడవ కొంటున్నారా? ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి

ఇంగ్లండ్‌లో ఉంటూ కాలువ పడవ, అదే నేరోబోట్, కొనాలని చూస్తున్న మన వాళ్ళ కోసం రాస్తున్నాను. అందులోనూ మామూలు కొత్త ఇంజన్ వద్దు, లిస్టరో గార్డ్‌నరో కెల్వినో రస్సెల్ న్యూబెరీయో ఉన్న పాతకాలం పడవే కావాలని పట్టుబట్టిన వాళ్ళ కోసం. మేం కిందటేడు ఏప్రిల్‌లో అలాంటిదే కొన్నాం. 57 అడుగుల పడవ, లిస్టర్ జేపీ2 ఇంజన్. జూన్ కల్లా పడవ ఒక మరీనాలో (పడవలు కట్టేసే రేవులో), ఇంజన్ ముక్కలు ముక్కలుగా ఇంకో ఊళ్ళో షెడ్డులో, మేం ఇంట్లో బిల్లులు ముందేసుకుని. అమ్మినవాళ్ళ పేరు, వాళ్ళ తరఫున అమ్మిపెట్టిన యార్డు పేరు రాయను, అడగొద్దు. వాళ్ళు చేసినవి ఇంకెవరైనా చేయగలరు, అందుకే ఏం చేశారో మాత్రం చెప్తాను.

నేను పడిపోయింది చప్పుడుకి. మాది నరసాపురం కాలువ పక్క ఊరు. చిన్నప్పుడు మా చేలో ఆయిల్ ఇంజన్ ఉండేది, రాజ్‌కోట్‌లో చేసిన లిస్టర్ నమూనా, ఒకటే సిలిండర్, నిమిషానికి 650 చుట్లు. హ్యాండిల్ పెట్టి తిప్పి, డీకంప్రెషన్ లీవర్ (సిలిండర్‌లో ఒత్తిడి లేకుండా చేసి చేత్తో తిప్పనిచ్చేది) వదిలేసి, అది డుగ్... డుగ్... అని అందుకోగానే వెనక్కి గెంతేవాళ్ళం. నలభై ఏళ్ళ తర్వాత మిడ్‌లాండ్స్‌లో ఒక కాలువ గట్టు మీద అదే చప్పుడు, ఈసారి రెండు సిలిండర్లతో, వినపడేసరికి నా బుర్ర పనిచేయడం మానేసింది. ఇక్కడి కాలువలూ, లాకులూ (నీటి మట్టం మార్చి పడవని ఎక్కించే, దించే గేట్లు, మనం డెల్టాలో లాకులనే అంటాం, ఇక్కడా లాకే) చూసి ముందే సగం కరిగి ఉన్నాను. మా ఆయన మాత్రం "ఇంత పాతది మనకెందుకే, తర్వాత ఎవరు చూస్తారు" అన్నారు. ఆ మాట ఆయన ఇప్పటికి వందసార్లు గుర్తు చేసి ఉంటారు.

పడవ చూడ్డానికి ఉదయం పదకొండుకి రమ్మన్నారు. వెళ్ళేసరికి ఇంజన్ నడుస్తూ ఉంది. "మీరొస్తున్నారని వేడి చేసి పెట్టాం" అని నవ్వుతూ చెప్పారు. నాకది మర్యాదలా అనిపించింది! ఇంజన్ గది చూస్తే పెళ్ళిమండపమే. ఇత్తడి పట్టీలు తళతళ, రాగి పైపులు అద్దాల్లా, ఇంజన్‌కి కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూపించారు, ఆయిల్ తేనె రంగులో ఉంది. ఎంత శుభ్రంగా ఉంచారో అనుకున్నాం. ఇరవై నిమిషాలు కాలువలో తిప్పారు. ఇంకో ఇద్దరు చూసి వెళ్ళారని, వారాంతంలోగా చెప్పమని అన్నారు. చెప్పేశాం.

గుడ్డిగా కొనలేదు, అది కూడా చెప్పాలి. పడవని నీళ్ళలోంచి బయటికి తీయించి సర్వే చేయించాం. సర్వేయరు అడుగు రేకు మందం మిషన్‌తో కొలిచి, బాగుందని రిపోర్టిచ్చారు. బోట్ సేఫ్టీ సర్టిఫికెట్‌కి ఇంకా మూడేళ్ళ గడువుంది. అన్ని కాగితాలూ ఉన్నాయి కదా అని ధైర్యం. కానీ నాలుగేళ్ళకోసారి తీసుకునే ఆ సేఫ్టీ సర్టిఫికెట్ గ్యాసు, కరెంటు, డీజిల్ పైపులు, మంటల ప్రమాదం లాంటివే చూస్తుంది, ఇంజన్ ఎంత అరిగిందో దానికి సంబంధం లేదు. మా సర్వే రిపోర్టులో ఇంజన్ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, 'పైకి చూడ్డానికి శుభ్రంగా ఉంది' అని. ఇంజన్ సర్వే వేరు, మనం విడిగా అడిగి, విడిగా డబ్బిచ్చి, పాత ఇంజన్లు తెలిసిన మెకానిక్‌తో చేయించుకోవాలి. ఈ విషయం మాకు చెప్పినవాళ్ళు లేరు, చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ లేదు, ఎందుకంటే యార్డువాళ్ళు అమ్మేవాడి తరఫు ఏజెంట్లు, మన తరఫు కాదు.

మొదటి నెల హాయిగా గడిచింది. బర్మింగ్‌హామ్ నుంచి వూస్టర్ కాలువలో కిందికి బయల్దేరాం. మొత్తం 58 లాకులు, అందులో టార్డెబిగ్ దగ్గర వరసగా 30. ఇంజన్ వేడి చూపించే ముల్లు కదిలితే ఒట్టు. పైగా నేను వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపాను. వూస్టర్‌లో డిగ్లిస్ లాకులు దిగి సెవెర్న్ నదిలోకి వచ్చి, స్టౌర్‌పోర్ట్ వైపు ఎదురీత మొదలుపెట్టాక అసలు కథ బయటపడింది. రెండు రోజుల ముందు పైన వానలు పడి నది కాస్త జోరుగా ఉంది. చర్చి దాటి, వంతెన దాటి, అరగంట గట్టిగా నడిపేసరికి ముల్లు 70 నుంచి 95కి వెళ్ళింది. కాసేపటికి ఇంజన్ గదిలోంచి తీపి వాసన, ఆవిరి, మా ఆయన కేకలు. ఇంజన్ ఆపేస్తే పడవ ప్రవాహంతో వెనక్కి పోతుంది, ఆపకపోతే ఇంజన్ పోతుంది. ఆపి, లంగరు వేశాం. (నదిలోకి వెళ్ళేముందు లంగరుకి గొలుసు కట్టి ముక్కు దగ్గర సిద్ధంగా పెట్టుకోండి, అల్మారాలో దాచుకుంటే పనికిరాదు.) అది పట్టుకోబట్టి ఈ రోజు కూర్చుని రాస్తున్నాను. వెనకాల వస్తున్న వాళ్ళు తాడు వేసి బెవెరీ లాకు దాకా లాక్కెళ్ళారు. అక్కడ పుల్ల తీసి చూస్తే తేనె రంగు ఆయిల్ కాస్తా పాలు కలిపిన కాఫీ అయింది.

ఆ రాత్రి మా నాన్నకి ఫోన్ చేశాను. అంతా విని ఒకటే అడిగారు. "కొనేటప్పుడు చల్లటి ఇంజన్‌ని తిప్పించావా అమ్మా?" లేదన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "భోంచేశారా" అన్నారు. తిట్టినా బాగుండేది.

మెకానిక్ వచ్చి ముందు చేసిన పని, సిలిండర్ బ్లాక్ కింది భాగంలో, పైపు వెనకాల, మామూలుగా మనిషి వంగి చూడని చోట వైరు బ్రష్‌తో రుద్దడం. ఆకుపచ్చ రంగు లేచిపోయింది, దాని కింద బూడిద రంగు ముద్ద, ఎండిపోయిన చపాతీ పిండిలా, స్క్రూడ్రైవర్ పెడితే పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. పుట్టీ! దాని వెనక జానెడు పగులు. ఒకప్పుడు ఈ ఇంజన్ కాలువ నీళ్ళనే లోపలికి లాక్కుని చల్లబడే రకమట. ఎవరో ఒక శీతాకాలం నీళ్ళు తీసేయకుండా వదిలేస్తే, గడ్డకట్టి, ఐసు ఉబ్బి, పోత ఇనుము గోడని పగలగొట్టింది. దానికి ముద్ద పెట్టి, పైన రంగు కొట్టారు. లోపలివైపు ఇంకో సన్న పగులు ఉంటే అది ఎవరికీ కనపడలేదు, వేడెక్కినప్పుడు అక్కడినుంచే నీళ్ళు ఆయిల్‌లోకి దిగుతున్నాయి. తేనె రంగు ఆయిల్ రహస్యం కూడా అప్పుడే అర్థమైంది. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ కొన్ని గంటలు నడిస్తే నల్లబడాలి. పుల్ల మీద బంగారంలా మెరుస్తుంటే నిన్నో మొన్నో మార్చారని అర్థం, ఎందుకు మార్చారో అడగాలి.

రెండో తప్పు ఇంకా ఘోరం, ఎందుకంటే దాన్ని టేపు పట్టి ఐదు నిమిషాల్లో కొలవచ్చు. కాలువ నీళ్ళు లాగే పద్ధతి తీసేసి, పడవ పక్క రేకుకి లోపల ఆనించి ఉండే చల్లబరిచే ట్యాంకు పెట్టారు. పద్ధతి మంచిదే, ఇంజన్ నీళ్ళు అందులో తిరుగుతూ రేకు ద్వారా బయటి నీళ్ళకి వేడి వదిలేస్తాయి. ఇక్కడి వాళ్ళు వాడే లెక్క, ప్రతి నాలుగు హార్స్ పవర్‌కి ఒక చదరపు అడుగు రేకు. మా ఇంజన్ సుమారు 20 హార్స్ పవర్, అంటే ఐదు చదరపు అడుగులు కావాలి. మాది మూడు కూడా లేదు. కాలువలో నడక వేగంతో పోతుంటే ఇంజన్ పావు బలం కూడా పెట్టదు, ఆ చిన్న ట్యాంకే సరిపోతుంది. అందుకే 58 లాకులు దిగినా ఏమీ తెలియలేదు, ఇరవై నిమిషాల టెస్ట్‌లో అసలే తెలియదు. నదిలో ఎదురీదితేనే బయటపడే జబ్బు అది.

డబ్బు సంగతి. ఇప్పటిదాకా 8,200 పౌండ్లు. పోత ఇనుముని వెల్డింగ్ చేస్తే వేడికి పక్కన ఇంకోచోట పగులుతుందని, వేడి లేకుండా ఇనప పిన్నులతో కుట్లు వేశారు, నిజంగా కుట్లే, ఆపరేషన్ చేసిన పొట్టలా ఉంది. మా ఇంజన్ గదికి పైకప్పు ఊడదు, కాబట్టి ఇంజన్‌ని అక్కడే విప్పి పక్క తలుపులోంచి ముక్కలుగా తీశారు, ఆ కూలీ వేరే. (కొనేముందు 'ఈ ఇంజన్ బయటికి ఎలా వస్తుంది' అని ఒక్కసారి గదిలో నిలబడి ఆలోచించండి.) పాత లోపానికి మేం బాధ్యులం కాదని ఇన్సూరెన్స్ వాళ్ళు అన్నారు. అమ్మింది మామూలు మనిషి, వ్యాపారి కాదు కాబట్టి 2015 నాటి వినియోగదారుల చట్టం మాకు అక్కరకి రాలేదు. యార్డువాళ్ళు మాకేం తెలుసు అన్నారు, అంతే.

సరే, మీరు చూడ్డానికి వెళ్తున్నారనుకోండి. ముందురోజే మెసేజ్‌లో రాసి పంపండి, మేం వచ్చేదాకా ఇంజన్ ముట్టుకోవద్దని. వెళ్ళగానే మాటల్లో పడకుండా సిలిండర్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉన్నా ఇంకో రోజు వస్తామని చెప్పి టీ తాగి వచ్చేయండి. చల్లగా ఉంటే మీ ముందే స్టార్ట్ చేయించి పొగ చూడండి. చలిలో కాసేపు తెల్లగా వచ్చి పోతే పర్లేదు, వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే డీజిల్ సరిగ్గా మండట్లేదు, లేదా నీళ్ళు కలుస్తున్నాయి. నీలంగా వస్తే ఆయిల్ తాగుతోంది. జేబులో ఒక ఫ్రిజ్ అయస్కాంతం పెట్టుకెళ్ళండి, నేనిప్పుడు తిరుపతి నుంచి తెచ్చిన వెంకన్న బొమ్మది వాడుతున్నాను, పోత ఇనుము మీద టక్కున అతుక్కుంటుంది, మందంగా పుట్టీ ఉన్నచోట జారుతుంది. కొత్త రంగు ఎక్కడ మందంగా ఉందో అక్కడ పెట్టి చూడండి. గంటసేపైనా గట్టిగా నడపనివ్వాలి. నది దగ్గర్లో లేకపోతే పడవ ముందూ వెనకా రెండు చివరలూ గట్టుకి గట్టిగా కట్టి, గేరు వేసి, బలం పెంచి అరగంట ఉంచమనండి, ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడండి. ఒప్పుకోకపోతే అదే జవాబు.

కొన్నాక నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. బ్యాటరీలు ఛార్జ్ అవుతాయని గట్టుకి కట్టేసి గంటలు గంటలు ఊరికే నడిపేదాన్ని. పని లేకుండా నడిస్తే సిలిండర్ లోపలి గోడలు అద్దంలా నున్నబడి ఆయిల్ తాగడం మొదలవుతుందట, ఈ పెద్ద నెమ్మది ఇంజన్లకి అది మరీ చెడ్డది. సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకున్నాం. ఆయిల్ విషయంలో కూడా, కారుకి వాడే ఖరీదైన సింథటిక్ పోస్తే మేలు అనుకోవద్దు, ఇవి మామూలు 30 గ్రేడు ఆయిల్ మీద బతికిన ఇంజన్లు, మెకానిక్‌ని అడిగి అదే పోయండి. నవంబర్ రాకముందే యాంటీఫ్రీజ్ (ఇంజన్ నీళ్ళు గడ్డకట్టకుండా కలిపే మందు) సరిచూసుకోండి. పడవ వెనక షాఫ్ట్ దగ్గర గ్రీజు మర రోజూ సాయంత్రం ఒక చుట్టు తిప్పండి. నీళ్ళు డీజిల్ ట్యాంకులో చేరితే పురుగులాంటి బూజు పడుతుంది, అడుగున కాస్త డీజిల్ తీసి గాజు సీసాలో పోసి చూస్తుంటే తెలుస్తుంది.

ఇంజన్ కిందటి నెల తిరిగొచ్చింది, ట్యాంకు పెద్దది పెట్టించాం, రంగు మాత్రం వేయించలేదు, కుట్లు కనపడేలాగే ఉంచాం. చప్పుడు ఇప్పటికీ నాకు ఇష్టమే, మా ఆయన ఒప్పుకోరు గానీ ఆయనకీ ఇష్టమే. చల్లటి జేపీ2 ఎలా అందుకుంటుందో చూడాలనుకునేవాళ్ళు రావచ్చు. ముందురోజు చెప్పండి చాలు, మీరొచ్చేదాకా ముట్టుకోం.